మోకాలెత్తు గోడ

పడిపోయిన వాళ్లను లేపడం నా ఉద్యోగం. తూర్పు లండన్‌లో ఒక కేర్ హోమ్‌లో రాత్రి షిఫ్టులు చేస్తాను. తాడేపల్లిగూడెంలో నర్సుగా ఏళ్ల తరబడి పనిచేసి, 2023లో కేర్ వర్కర్ వీసా మీద ఇక్కడికి వచ్చాను. మా హోమ్‌లో ఉండేవాళ్లంతా ఎనభై దాటినవాళ్లే. రాత్రి బాత్రూమ్‌కని లేస్తారు. కాలు చెప్పులో సరిగా పట్టదు, లేదా దుప్పటి అంచు కాలికి చుట్టుకుంటుంది. మంచం పక్కన పరిచిన సెన్సర్ మ్యాట్ మీద అడుగు పడగానే కారిడార్‌లో బజర్ మోగుతుంది. పరుగున వెళ్లేసరికి ఒక్కోసారి మనిషి నేల మీద ఉంటారు.

నేల మీదున్న మనిషిని గబుక్కున లేపకూడదు. ముందు పక్కన కూర్చోవాలి, పేరు పెట్టి పిలవాలి. తల తగిలిందా, మెడ నొప్పి ఉందా, వేళ్లు కదులుతున్నాయా అని అడగాలి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి దగ్గర విరిగిందని అనుమానించాలి. అలాంటప్పుడు కదపకుండా దుప్పటి కప్పి, అంబులెన్స్ వచ్చేదాకా చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. ఏ దెబ్బా లేదని తేలితేనే ఒంటి కింద గుడ్డ స్లింగ్ జరిపి, మనిషిని ఎత్తే యంత్రం హోయిస్ట్‌తో నెమ్మదిగా మంచం మీదికి చేరుస్తాం. తుంటి విరిగిన వృద్ధుల్లో దాదాపు నలుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోతారని శిక్షణలో చెప్పారు. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినవాళ్లను నేను చూశాను. ఎముక అతుక్కున్నా చాలామంది కుర్చీ వదలరు. మళ్లీ పడతామన్న భయమే వాళ్లను కూర్చోబెట్టేస్తుంది.

ఆ భయం నాకూ అంటుకుంది. మొదటి చలికాలం నుంచే మొదలైంది. ఫుట్‌పాత్ మీద మంచు పేరుకుంటే నా కళ్లు పాదాల ముందే ఉండేవి. బస్సు ఆగేదాకా సీట్లోంచి లేచేదాన్ని కాదు. హోమ్ వెనక మెట్లు దిగేటప్పుడు రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, రెండు పాదాలూ ఒకే మెట్టు మీద పెట్టుకుంటూ దిగేదాన్ని. మా ఆయనా బాబూ ఊళ్లో ఉన్నారు. ఇక్కడి ఇంటద్దెలు చూసి వాళ్లను తీసుకొచ్చే ధైర్యం చేయలేకపోయాం. నాకేమైనా అయితే మంచినీళ్లిచ్చే దిక్కు లేదన్న మాట అడుగడుగునా గుర్తొచ్చేది. ముప్పై ఆరేళ్లకే ఎనభై ఏళ్ల మనిషి నడక వచ్చేసింది.

అది మొదట గమనించింది మా హోమ్ వంటగదిలో పనిచేసే కుర్రాడు. ఘనా నుంచి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చిన పిల్లాడు. ఒకరోజు తెల్లవారుజామున టీ కప్పు చేతిలో పెడుతూ, "మెట్లంటే భయమా మీకు?" అని అడిగాడు. అవునన్నాను. తను ఆదివారాలు థేమ్స్ దక్షిణపు గట్టున కొంతమందితో కలిసి పార్కూర్ చేస్తానని, ఎవరైనా రావచ్చని, ఫీజు లేదని, కొత్తవాళ్లకు ముందు నేర్పేది పడటమేనని చెప్పాడు. పార్కూర్ అంటే నాకు తెలిసిందల్లా సినిమాల్లో హీరోలు మేడ మీంచి మేడ మీదికి దూకడం. నవ్వి ఊరుకున్నాను. కానీ పడటం కూడా ఎవరైనా నేర్పుతారా అన్న ఆలోచన మాత్రం ఆ వారమంతా నన్ను వదల్లేదు.

ఆ ఆదివారం ఈస్ట్ హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి, ఎంబాంక్‌మెంట్‌లో దిగి, నడక వంతెన దాటి వెళ్లాను. క్వీన్ ఎలిజబెత్ హాల్, హేవర్డ్ గ్యాలరీ అన్నీ అక్కడే పక్కపక్కన ఉన్నాయి. 1960ల చివర్లో కట్టిన కాంక్రీటు భవనాలు. దగ్గరికి వెళ్లి చూస్తే కాంక్రీటు మీద చెక్క పలకల చారలు కనిపిస్తాయి. పోత పోసినప్పుడు అడ్డు పెట్టిన పలకల అచ్చు అలాగే ఉండిపోయింది. చెక్కలోని ముడులు కూడా గోడ మీద చేతికి తగులుతాయి. ఎత్తుపల్లాల మెట్లు, పొట్టి గోడలు, ర్యాంపులు, రెయిలింగులు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. ఆ నిర్మాణం అందంగా లేదని లండన్‌లో చాలామంది తిట్టుకుంటారట. వీళ్లకు మాత్రం అంతకంటే మంచి చోటు లేదు.

పాతిక మంది దాకా ఉన్నారు. పద్నాలుగేళ్ల పిల్లల దగ్గర్నుంచి తల నెరిసిన ఒక ఆవిడ దాకా. నేను వదులు ప్యాంటు మీద కుర్తా వేసుకుని, చున్నీ నడుముకు కట్టుకుని ఒక మూల నిలబడ్డాను. వచ్చిన ప్రతి మనిషీ అక్కడున్న ప్రతి ఒక్కరి దగ్గరికీ నడిచి వెళ్లి చెయ్యి కలుపుతున్నారు, తెలిసినవాళ్లనీ తెలియనివాళ్లనీ తేడా లేకుండా. నా దగ్గరికీ వచ్చారు. ఒకరి వెంట ఒకరు, పేరు చెప్పి, పేరడిగి. లండన్‌కు వచ్చాక ఉద్యోగం కోసం తప్ప నా పేరు అడిగినవాళ్లు లేరు. నా పేరు పలకడం రానివాళ్లు మళ్లీ చెప్పించుకుని మరీ నేర్చుకున్నారు. అది ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆచారమని తర్వాత తెలిసింది.

వార్మప్ దగ్గరే నా ప్రాణం పోయింది. మెడ, భుజాలు, మణికట్లు, చీలమండలు తిప్పడం దాకా బాగానే ఉంది. ఆ తర్వాత అందరూ చేతులూ కాళ్లూ నేలకానించి, మోకాళ్లు నేలకు తగలకుండా మెట్లెక్కడం మొదలుపెట్టారు. పక్కనే పర్యాటకులు ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. పెళ్లయి బిడ్డ తల్లినైన నేను నలుగురి మధ్య నాలుగు కాళ్ల మీద పాకడమా? వెళ్లిపోదామని సంచీ భుజాన వేసుకున్నాను కూడా. అప్పుడు ఆ తల నెరిసినావిడ నా పక్కనే పాకుతూ వచ్చి, ఆగి, "మొదటి రెండు మెట్లే కష్టం. తర్వాత ఊపిరి సరిపోక సిగ్గు గుర్తుండదు" అంది. నిజమే. నాలుగో మెట్టుకు భుజాలు మండిపోయాయి, ఎవరు చూస్తున్నారో చూసే ఓపిక లేకపోయింది.

ఆవిడ తపాలా శాఖలో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. నాకు పాఠాలన్నీ ఆవిడ దగ్గరే. మొదట నేల మీద రాళ్ల మధ్య గీత మీంచి గీత మీదికి గెంతడం. అంతే. ఎత్తు లేదు, సందు లేదు. కానీ వాలేటప్పుడు మడమ కాదు, ముందరి పాదం ఆనాలి. మోకాళ్లు వంగాలి, లోపలికి ముడుచుకోకూడదు. శబ్దం రాకూడదు. 'టప్' మని వినిపించిందంటే ఆ దెబ్బంతా మోకాలికీ నడుముకీ వెళ్లిందని అర్థం. ఆవిడ వెనక్కి తిరిగి నిలబడి, నేను గెంతుతుంటే చెవులతో వినేది. "ఇది బాగుంది", "ఇది నీ మోకాలు తిన్నది" అని వినే చెప్పేది.

పడటం నేర్పింది దగ్గర్లోని జూబ్లీ గార్డెన్స్ పచ్చిక మీద. తల మీద దొర్లే పిల్లమొగ్గ కాదది. తల నేలకు తగలనే కూడదు. గడ్డం ఛాతీకి ఆనించి, ఒక భుజం వెనక భాగంతో మొదలుపెట్టి, వీపు మీదుగా ఏటవాలుగా, ఎదుటి వైపు తుంటి మీదికి దొర్లాలి. వెన్నెముక కణుపులు నేరుగా నేలను కొట్టకుండా ఆ ఏటవాలు కాపాడుతుంది. ముందు కూర్చుని, తర్వాత మోకాళ్ల మీద, తర్వాత నిలబడి. మొదట్లో ఎన్నిసార్లు పక్కకు కూలబడ్డానో. భుజం ఎముక మొన దగ్గర వారమంతా కమిలి ఉండేది. కానీ నేల మీద పడి ఉండటం అంటే ఏమిటో మొదటిసారి నా ఒంటితో తెలిసింది. అప్పటిదాకా నేను నేల మీదున్నవాళ్లను పైనుంచే చూశాను.

ఇదంతా ఎక్కడ మొదలైందో ఆవిడే పచ్చిక మీద కూర్చుని చెప్పింది. రేమాన్ బెల్ అనే పిల్లవాడు 1939లో వియత్నాంలో పుట్టాడు. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి వియత్నాం మనిషి. అక్కడి యుద్ధంలో కుటుంబానికి దూరమై, ఏడేళ్ల వయసుకే సైన్యం నడిపే అనాథాశ్రమంలో పడ్డాడు. పెద్ద పిల్లల చేతిలో నలిగిపోకుండా ఉండాలని రాత్రిళ్లు అందరూ పడుకున్నాక ఒక్కడే లేచి పరిగెత్తడం, ఎక్కడం, దూకడం సాధన చేసేవాడట. పెద్దయ్యాక పారిస్ అగ్నిమాపక దళంలో చేరాడు. 1973లో పుట్టిన ఆయన కొడుకు దావీద్ తండ్రి చెప్పింది విని, పారిస్‌కు దక్షిణాన లీస్ అనే చిన్న ఊళ్లో స్నేహితులతో కలిసి సాధన చేశాడు. వాళ్లలోంచే పార్కూర్ పుట్టింది. 2003లో ఛానల్ 4 ప్రసారం చేసిన 'జంప్ లండన్' డాక్యుమెంటరీ చూసి ఇక్కడి పిల్లలు వీధుల్లోకి వచ్చారు. 2017లో బ్రిటన్ దీన్ని అధికారికంగా క్రీడగా గుర్తించింది. అలా గుర్తించిన మొదటి దేశం ఇదే. వీళ్లంతా తరచూ తలుచుకునే ఇంకో పేరు జార్జ్ ఎబేర్. నూరేళ్ల కిందటి ఫ్రెంచి నౌకాదళ అధికారి. ఒంట్లో బలం ఉండాల్సింది ఇంకొకరికి పనికి రావడానికేనని ఆయన బోధించాడు. మేడల మీద దూకే వీడియోల్లో ఈ మాట ఎక్కడా వినపడదు. నాకు మాత్రం ఆ మాటే పట్టుకుంది. హోమ్‌లో నేను చేసే పనంతా అదే కాబట్టి.

అక్టోబరు నాటికి నేను మోకాలెత్తు గోడ మీద నిలబడి, కిందికి అడుగు వేసి, రెండు పాదాల మీద శబ్దం లేకుండా వాలగలిగేదాన్ని. ఆ సంతోషం ఎవరికి చెప్పినా అర్థం కాదు. మోకాలెత్తు అంటే బస్సు మెట్టు కంటే కొంచెం ఎక్కువ.

అక్కడే పడ్డాను. నది గట్టు పొడవునా ప్లేన్ చెట్లుంటాయి. వాటి ఆకులు అరచేతికంటే పెద్దవి. ముందు రాత్రి వాన పడింది. గోడ మీదా కిందా ఆకులన్నీ అందరం కలిసి తుడిచాం. నేను కాలు ఎత్తిన క్షణంలో గాలికి ఒక తడి ఆకు గోడ అంచున నా రెండో పాదం కిందికి వచ్చి చేరింది. కాలు జారింది. దొర్లడానికి వ్యవధి లేదు, ఎత్తూ లేదు. కుడి చెయ్యి చాచాను, అరచెయ్యి నేలకు కొట్టుకుంది, ఒళ్లంతా దాని మీద పడింది.

నొప్పి వెంటనే అంత రాలేదు. లేచి కూర్చుని, బొటనవేలు పైకెత్తి, దాని మొదట్లో రెండు స్నాయువుల మధ్య పడే గుంటలో ఎడమ వేలితో నొక్కి చూసుకున్నాను. నర్సుగా ఎందరికో అలా నొక్కి చూసిన చోటది. కళ్లు చీకట్లు కమ్మాయి. స్కాఫాయిడ్ అనుకున్నాను. మణికట్టులో జీడిపప్పంత ఎముక అది. చిన్నదే, కానీ రక్తం దానికి అవతలి కొస నుంచి వెనక్కి ప్రవహిస్తుంది. మధ్యలో విరిగితే ఇవతలి ముక్కకు రక్తం సరిగా అందదు. అందుకే అతకడానికి వారాలూ నెలలూ పడుతుంది. ఒక్కోసారి అతకనే అతకదు. అది నాకు తెలియకపోయి ఉంటే బాగుండేదని ఆ క్షణంలో అనిపించింది.

వంటగది కుర్రాడు తన జాకెట్ తీసి నా చేతికి చుట్టి, మెడకు వేలాడేలా కట్టాడు. ఆవిడ నాతో ఆసుపత్రికి వచ్చింది. ఎమర్జెన్సీలో సాయంత్రం కూర్చుంటే అర్ధరాత్రి దాటింది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. కానీ ఈ ఎముక విషయంలో మొదటి ఎక్స్‌రే చాలాసార్లు ఏమీ చూపించదు. డాక్టరమ్మ ఆ మాటే చెప్పి, స్ప్లింట్ వేసి, రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మంది. రెండోసారి చూపించింది. ఎముక నడుముకు అడ్డంగా సన్నటి గీత. మోచేతి కింది దాకా ప్లాస్టర్ వేశారు.

అప్పటినుంచి మొదలైంది అసలు కష్టం. ఒంటి చేత్తో స్లింగ్ జరపలేం, హోయిస్ట్ నడపలేం, మనిషిని పక్కకు తిప్పలేం. నాకు ఇవ్వగలిగిన తేలిక పని ఏమీ లేదని హోమ్ వాళ్లు చెప్పారు. ఈ దేశపు చట్టం ప్రకారం అప్పట్లో అనారోగ్య సెలవులో మొదటి మూడు రోజులకు ఏమీ వచ్చేది కాదు, ఆ తర్వాత వారానికి 116.75 పౌండ్లు. నా గది అద్దెకే అది చాలదు. మా బాబు బడి ఫీజు, అమ్మ మందులు, ఇక్కడికి రావడానికి చేసిన అప్పు మీద వడ్డీ అన్నీ నా జీతం మీదే నడుస్తాయి. పైగా నా వీసా ఆ హోమ్ పేరుతో ముడిపడి ఉంది. ఉద్యోగం పోయిందంటే ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువు. రాత్రిళ్లు నిద్ర పట్టక ఫోన్లో ఆ నిబంధనలే మళ్లీ మళ్లీ చదివేదాన్ని. ప్లాస్టర్ లోపల వేళ్లు వాచి, గుండె కొట్టుకుంటున్నట్టు కొట్టుకునేవి.

మా ఇంట్లో గదులు పంచుకుని ఉండే మనవాళ్లు మంచివాళ్లే. అన్నం వండి పెట్టారు. కానీ, "ఈ వయసులో ఆ గెంతులేంటక్కా" అనని వాళ్లు లేరు. మా ఆయనకు వీడియో కాల్‌లో చెయ్యి కనపడకుండా చాలా రోజులు నెట్టుకొచ్చాను. డబ్బు పంపడం తగ్గాక చెప్పక తప్పలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"గోడలు దూకడానికా నువ్వక్కడికి వెళ్లింది?"

"కాదండీ. పడకుండా ఉండటం నేర్చుకుందామని."

"పడ్డావుగా మరి!"

ఫోన్ పెట్టేశారు. అందులో తప్పు పట్టడానికి ఏముంది? అప్పు కాగితం మీద సంతకం పెట్టింది ఆయన. ఆ సాయంత్రమే మళ్లీ ఫోన్ చేసి, తాడేపల్లిగూడెంలో తన షాపు పని అయ్యాక ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు రాయడానికి ఒప్పుకున్నానని, వడ్డీ సంగతి తను చూసుకుంటానని చెప్పారు. అమ్మకు మాత్రం చెప్పొద్దన్నారు.

ఒక్క చేత్తో మనం ఏం చేయలేమో చెయ్యి విరిగితే గానీ తెలియదు. కూర తరగలేం, బట్టలు పిండలేం, పాల ప్యాకెట్ చింపలేం. అన్నిటికంటే నన్ను ఏడిపించింది జడ. నాకు నడుము దాకా జుట్టు. చిన్నప్పటినుంచీ జడ వేసుకోకుండా ఒక్కరోజూ బయటికి వెళ్లలేదు. జుట్టు చిక్కులు పడి, ఉండలు కట్టి, చివరికి కత్తిరించేద్దామని కత్తెర అడిగాను. సరిగ్గా ఆ రోజే ఆవిడ వచ్చింది, సూప్ డబ్బా పట్టుకుని. కత్తెర పక్కన పెట్టించి, నన్ను కింద కూర్చోబెట్టి, తను మంచం మీద కూర్చుంది. కొబ్బరినూనె సీసా చలికి గడ్డకట్టి ఉంటే వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించమన్నాను. ఉత్తరాలు పంచి పంచి బిరుసెక్కిన వేళ్లు ఆవిడవి. కొసల నుంచి పైకి ఒక్కో చిక్కూ విప్పుకుంటూ పోయింది. జడ అల్లడం ఆవిడకు రాదు. మూడు పాయలు ఎలా తిప్పాలో వెనక్కి చూడకుండానే నేను చెబుతుంటే, విప్పి అల్లి, విప్పి అల్లి నేర్చుకుంది. చీకటి పడింది. మా అమ్మ తర్వాత నాకు జడ వేసినవాళ్లు ఎవరూ లేరు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి జడ వేసి, నన్ను తనతో నది గట్టుకు తీసుకెళ్లేది.

చెయ్యి కట్టుతో అక్కడ నాకేం పని అనుకున్నాను. కానీ ఆ గుంపులో ఎప్పుడూ ఎవరో ఒకరు దెబ్బ తగిలినవాళ్లు ఉంటారు. వాళ్లు కూడా వస్తారు. కూర్చుంటారు, కొత్తవాళ్లతో మాట్లాడతారు, ఒంట్లో బాగున్న భాగంతో ఏదో ఒకటి చేస్తారు. నేను చదును నేల మీది గీత మీద నడిచాను, గుంజీళ్లు తీశాను, ఒంటికాలి మీద నిలబడ్డాను. రెయిలింగ్ ఎక్కే ముందు దాన్ని ఊపి చూడటం, గోడ అంచును అరచేత్తో చరిచి పెచ్చులూడుతుందేమో గమనించడం, బూటు అడుగును తడి లేకుండా ప్యాంటుకు తుడుచుకోవడం, ఇవన్నీ కళ్లతో నేర్చుకున్నాను. సెక్యూరిటీ మనిషి వచ్చి ఇక్కడ వద్దంటే వాదన లేకుండా సంచులు తీసుకుని ఇంకో చోటికి నడుస్తారు. వెళ్లే ముందు అక్కడున్న చెత్త, తమది కాకపోయినా, ఏరి డబ్బాలో వేస్తారు.

చలికాలం సగం గడిచాక ప్లాస్టర్ తీశారు. చెయ్యి సన్నబడి, చర్మం పొట్టు రేగి, నాది కానట్టు ఉంది. ఎముక అతుక్కుంది. అదృష్టం. మణికట్టు వెనక్కి వంచడానికి ఫిజియోథెరపీ. పనిలోకి మళ్లీ తీసుకున్నారు. బతికిపోయాననుకున్నాను.

కానీ గోడ ఎక్కాను చూడండి, అదే మోకాలెత్తు గోడ, ఒళ్లు కదలనంది. అరికాళ్లకు చెమట. మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది. కింద ఒక్క ఆకు లేదు, నేల పొడిగా ఉంది, ఎత్తెంతో తెలుసు, అయినా కాలు లేవలేదు. పన్నెండేళ్ల పిల్ల పక్కనుంచి ఎక్కి, దూకి, మళ్లీ ఎక్కి వెళ్లిపోతోంది. నేను గోడ మీద కూర్చుని, కాళ్లు కిందికి జారవిడిచి, చేతులు ఆనించుకుని దిగాను. తర్వాతి ఆదివారమూ అంతే. ఆ తర్వాతా అంతే.

ఆ ఆదివారాల్లో ఒక్కరు కూడా నన్ను దూకమనలేదు. ఇది వాళ్లలో గట్టి పట్టింపు. ఒకసారి వేరే ఊరి నుంచి వచ్చిన కుర్రాళ్లు ఫోన్ పట్టుకుని, "నీవల్ల అవుతుంది, దూకేయ్" అని అరవడం మొదలుపెట్టారు. వంటగది కుర్రాడు వెళ్లి ఫోన్ దించమని, అరవొద్దని చెప్పాడు. చాలా నెమ్మదిగా చెప్పాడు గానీ, అతని ముఖం అంత కఠినంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఒకరి మాట మీద దూకినవాళ్ల కాళ్లు విరగడం అతను చూశాడట. ప్రోత్సాహం పేరుతో మనం ఎంతమందిని ఇలా తొందరపెడతామో! పిల్లల్ని నీళ్లలోకి తోసి ఈత నేర్పడం మా కాలవ గట్టున గొప్పగా చెప్పుకునేవారు. అది నాకెప్పుడూ నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఇప్పుడు తెలిసింది.

ఆవిడ చేసిందల్లా గోడెక్కి నా పక్కన నిలబడటం. ఎదురుగా కాదు, కింద చేతులు చాచి కాదు. నా పక్కన, నేను చూసే వైపే చూస్తూ. తను పంచిన వీధుల గురించో, కరిచిన కుక్క గురించో చెప్పేది. "ఇవాళ దిగబుద్ధి కాకపోతే కూర్చుని దిగు. గోడ ఎక్కడికీ పోదు" అనేది. నేను కూర్చుని దిగితే తనూ కూర్చునే దిగేది.

తర్వాత ఇద్దరం కలిసి ఆ పనిని ముక్కలు చేశాం. ముందు ఫుట్‌పాత్ అంచు మీంచి. తర్వాత మెట్టు మీంచి. తర్వాత గోడ మీద గొంతుక్కూర్చుని, ఎడమ చెయ్యి ఆనించి. తర్వాత గొంతుక్కూర్చునే, చెయ్యి లేకుండా. మార్చిలో ఒక మధ్యాహ్నం ఎండ కాస్తోంది. గోడ మీద నిలబడి ఉన్నాను. భయం ఉంది, అంతే ఉంది. కాకపోతే అది ఏ చోటుకి భయపడుతోందో వినిపించింది: కుడి పాదం కింద అంచు నున్నగా ఉంది. రెండంగుళాలు ఎడమకు జరిగాను. అక్కడ కాంక్రీటులో చెక్క ముడి అచ్చు గరుకుగా బూటుకు పట్టింది. అడుగు వేశాను. వాలాను. శబ్దం రాలేదు. ఒకసారి చేస్తే చేసినట్టు కాదన్నది వాళ్ల పద్ధతి. ఆవిడ వేలు తిప్పి మళ్లీ ఎక్కమంది. ఎక్కాను, మళ్లీ దిగాను, మళ్లీ ఎక్కాను. ఆ తర్వాత అందరూ ర్యాంపు వైపు వెళ్లారు, నేనూ వెళ్లాను.

మణికట్టు ఇప్పటికీ చలికి లాగుతుంది. గోడ అంచు పట్టుకుని వేలాడటం నాకు ఈ జన్మకు కుదరకపోవచ్చు. డ్యూటీ రోటా కుదిరిన ఆదివారాల్లో వెళుతూనే ఉన్నాను. మా ఆయన ఇప్పుడు వారం వారం ఏం చేశానో అడుగుతున్నారు. కిందటి నెల మా బాబు కాలేజీ గ్రౌండ్ గడ్డిలో దొర్లుతున్న వీడియో పంపారు. గడ్డం ఛాతీకి ఆనడం లేదని చెప్పాను.

పనిలో మాత్రం ఒక చిక్కు వచ్చి పడింది. మా హోమ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు రేవులో బరువులు మోసిన మనిషి. పడి, ఏ ఎముకా విరక్కుండానే బయటపడి కూడా, నెలల తరబడి కుర్చీలోంచి లేవలేదు. ఇద్దరం చెరో పక్కా నిలబడి, "లేవండి, లేవగలరు, ఒకటి రెండు మూడు" అనేవాళ్లం. ఆయన కుర్చీ చేతుల్ని మరింత గట్టిగా పట్టుకునేవారు. ఒక రాత్రి పక్క కుర్చీ లాక్కుని, ఆయన చూస్తున్న వైపే చూస్తూ కూర్చున్నాను. ముందు చెప్పులు సరిచేశాను. నేల మీద తడి లేదని ఆయన కళ్ల ముందే చేత్తో తుడిచి చూపించాను. వాకర్ కాళ్లు ఊగడం లేదని ఆయన చేతే ఊపించాను. తర్వాత ఏమీ అనకుండా కూర్చున్నాను. ఆ రాత్రి ఆయన లేవలేదు. ముందుకు జరిగి, పాదాలు నేలకు ఆనించి, మళ్లీ వెనక్కి వాలారు. అలా కొన్ని రాత్రులు. ఒక రాత్రి లేచారు. లేచి, వాకర్ పట్టుకుని నిలబడి, మళ్లీ తనంతట తానే కూర్చున్నారు.

ఆయన లేవడానికి పట్టింది నా చేతి బలం కాదు, నా సమయం. అదే మా దగ్గర లేదు. రాత్రి ఒక్కో అంతస్తుకు ఇద్దరమే ఉంటాం. నేను ఆయన పక్కన కూర్చుంటే ఇంకో గదిలో బజర్ మోగుతుంది, పరిగెత్తాలి. తొందరపెట్టకూడదని తెలిసీ తొందరపెట్టి వచ్చిన రాత్రులు ఉన్నాయి. అందుకే స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను: పడి లేచినవాళ్ల దగ్గర రాత్రికి పది నిమిషాలు ఊరికే కూర్చోవడానికి ఇంకో మనిషిని వేయమని. నోట్ చేసుకున్నామన్నారు. ఇంకా వేయలేదు. వచ్చే నెల మీటింగ్‌లో మళ్లీ అడుగుతాను. ఈసారి వంటగది కుర్రాడు కూడా నాతో కలిసి అడుగుతానన్నాడు.